ప్రోటీన్‌ను పరిశీలించే పద్ధతులు: ఏ ప్రశ్నకు ఏది సరిపోతుంది, ఏది ఎక్కడ మోసం చేస్తుంది

ఒక ప్రోటీన్ మీద పని మొదలుపెట్టే విద్యార్థులు చాలాసార్లు ముందు ప్రయోగశాలలో ఏ పరికరం ఖాళీగా ఉందో చూసుకుంటారు, ఆ తర్వాతే ప్రశ్న తయారుచేసుకుంటారు. కొత్త మైక్రోస్కోపు వస్తే అందరి ప్రశ్నలూ 'ఆ ప్రోటీన్ కణంలో ఎక్కడుంది' అనే వైపు తిరుగుతాయి. ఇలా మొదలైన పని ఏడాది తర్వాత అందమైన బొమ్మలతో, తేలని ప్రశ్నతో ఆగిపోవడం మామూలే.

ఈ పద్ధతుల్లో ఏదీ కణాన్ని ఉన్నదున్నట్టు వదలదు. ఒకటి దాన్ని నలిపి రసం చేస్తుంది. ఒకటి రసాయనంతో బిగదీస్తుంది. ఒకటి ప్రోటీన్‌కు తోక తగిలిస్తుంది, మరొకటి దాన్ని స్ఫటికంలో ఇరికిస్తుంది. నలిపితే చోటు పోతుంది. బిగదీస్తే కాలం పోతుంది. తోక తగిలిస్తే సహజత్వం, స్ఫటికంలో పెడితే కదలిక పోతాయి. మీ ప్రశ్నకు ఏది పోయినా ఫర్వాలేదో ముందు తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఎంత ఉందో తెలియాలంటే

ఇక్కడ పోటీలో ఉన్నవి ప్రధానంగా మూడు: వెస్టర్న్ బ్లాట్, ఎలైసా, మాస్ స్పెక్ట్రోమెట్రీ. కణం లోపలి ప్రోటీన్‌ను కొలవాలంటే మూడింటికీ కణాన్ని కరిగించాల్సిందే. కాబట్టి ప్రోటీన్ కేంద్రకంలో ఉందా, కణత్వచం మీద ఉందా అన్న సమాచారం మొదటి అడుగులోనే పోతుంది.

వెస్టర్న్ బ్లాట్ 1979 నాటిది. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంటు ప్రోటీన్ మడతలు విప్పి, దాని పొడవునా రుణావేశం పూస్తుంది. జెల్‌లో విద్యుత్తు పంపితే చిన్నవి త్వరగా, పెద్దవి మెల్లగా పరుగెడతాయి. ఆ తర్వాత వాటిని ఒక పొర మీదికి మార్చి యాంటీబాడీతో, అంటే మనకు కావలసిన ప్రోటీన్‌ను గుర్తుపట్టి అంటుకునే మరో ప్రోటీన్‌తో, వెతుకుతాం. దీని అసలు బలం కొలతలో కన్నా సైజు చూపించడంలో ఉందని నా అభిప్రాయం. యాంటీబాడీ దేన్ని పట్టుకున్నా అది ఎన్ని కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువుకు కొలమానం) దగ్గర ఉందో కళ్లకు కనిపిస్తుంది. మీ ప్రోటీన్ 60 దగ్గర రావాలి, గీత 25 దగ్గర వచ్చింది అనుకోండి. అయితే ప్రోటీన్ ముక్కలైంది, లేదా యాంటీబాడీ ఇంకెవరినో పట్టుకుంది. ఈ హెచ్చరిక మిగతా రెండు పద్ధతుల్లో ఇంత సూటిగా రాదు.

అయితే ఆ సైజును కూడా గుడ్డిగా నమ్మకూడదు. క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 అనే ప్రోటీన్ సంగతే చూడండి. మనుషుల్లో దీనికి 393 అమైనో ఆమ్లాలుంటాయి. లెక్క వేస్తే బరువు 44 కిలోడాల్టన్లకు కాస్త అటూ ఇటూ తేలుతుంది. జెల్‌లో మాత్రం అది 53 దగ్గర ఆగుతుంది, ఆ అంకె నుంచే దానికి ఆ పేరు వచ్చింది. గొలుసులో ఒక చోట ప్రోలీన్లు ఎక్కువగా ఉండి, అది మెల్లగా కదలడమే కారణం. పుస్తకంలో ఉన్న బరువుకూ జెల్‌లో గీతకూ పది కిలోడాల్టన్ల తేడా కనిపించగానే యాంటీబాడీని చెత్తబుట్టలో వేయనక్కర్లేదు. ఆ ప్రోటీన్ మామూలుగా ఎక్కడ పరుగెడుతుందో ముందు చూసుకోవాలి.

కొలత విషయంలో వెస్టర్న్ బలహీనమే. గీత రెండింతలు చిక్కగా కనిపిస్తే ప్రోటీన్ రెండింతలు ఉందని అర్థం కాదు. ఒక హద్దు దాటాక గీత ఇక చిక్కబడదు. అన్ని నమూనాల్లోనూ సమానంగా పోశామని చూపడానికి వాడే యాక్టిన్ అనే ప్రోటీన్ ఈ హద్దును అందరికన్నా ముందు దాటుతుంది. అది కణంలో విస్తారంగా ఉంటుంది కదా. అప్పుడు ఒక గడిలో ఎక్కువ, ఒక గడిలో తక్కువ పోసినా యాక్టిన్ గీతలు ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఒకే నమూనాను సగం, పావు, అరపావు చేసి పక్కపక్కన పరిగెత్తించి, గీత కూడా అదే లెక్కన తగ్గుతోందో లేదో చూడాలి. ఈ పని చేసేవాళ్లు తక్కువ.

అంకె కావాలంటే ఎలైసా. 1971లో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ దీన్ని ప్రవేశపెట్టారు. శాండ్విచ్ రకంలో ఒక యాంటీబాడీ ప్రోటీన్‌ను పళ్లెం గుంటకు కట్టి ఉంచుతుంది, ఇంకొకటి వేరే చోట పట్టుకుని రంగు పుట్టిస్తుంది. రెండు చోట్ల పట్టు దొరికితేనే రంగు వస్తుంది కాబట్టి పొరపాటు తగ్గుతుంది. 96 గుంటల పళ్లెంలో పదుల నమూనాలు ఒకేసారి కొలవవచ్చు. కణాలు బయటికి విడిచే సైటోకైన్ల వంటి సంకేత ప్రోటీన్లను కొలవడానికి దీన్ని మించింది లేదు. సైజు మాత్రం చూపించదు.

పై రెండింటికీ ఏ ప్రోటీన్ కోసం వెతుకుతున్నారో ముందే తెలిసి ఉండాలి. ఏది మారిందో తెలియనప్పుడు మాస్ స్పెక్ట్రోమెట్రీకి వెళ్లాలి. ట్రిప్సిన్ ఎంజైమ్ ప్రోటీన్లను లైసిన్, ఆర్జినిన్ తర్వాత కోస్తుంది. ఆ ముక్కల బరువులను బట్టి ఏ ప్రోటీన్లు ఉన్నాయో వెనక్కి లెక్కగడతారు. యాంటీబాడీ అవసరం లేదు, ఒకే విడతలో వేల ప్రోటీన్లు తేలతాయి. కానీ కణంలో అరుదుగా ఉండే ప్రోటీన్ల గొంతును విస్తారంగా ఉండేవి మింగేస్తాయి. కణ నియంత్రణలో కీలకమైన ప్రోటీన్లు చాలావరకు ఆ అరుదైన జాబితాలోనే ఉంటాయి. జాబితాలో పేరు కనిపించనంత మాత్రాన ఆ ప్రోటీన్ కణంలో లేదని రాయకూడదు.

దగ్గరి దారిగా మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను కొలిచి ప్రోటీన్ అంతే ఉంటుందని అనేసే అలవాటు ఒకటుంది. పీ53నే తీసుకుంటే, మామూలు కణంలో అది తయారవుతూనే ఉంటుంది, వెంటనే విరిగిపోతూనే ఉంటుంది. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు ఆ విరిగిపోవడం ఆగుతుంది, ప్రోటీన్ పేరుకుంటుంది. ఆర్‌ఎన్‌ఏ అంతగా మారదు. ఆర్‌ఎన్‌ఏ మాత్రమే కొలిచినవాళ్లకు అక్కడ ఏమీ జరగనట్టే కనిపిస్తుంది.

ఎక్కడ ఉందో తెలియాలంటే

ఇక్కడ ఎంపిక ప్రధానంగా బిగదీసిన కణానికి, బతికున్న కణానికి మధ్య.

మొదటి దారిలో కణాన్ని ఫార్మాల్డిహైడ్‌తో గానీ మెథనాల్‌తో గానీ బిగదీసి, మెరిసే రంగు కట్టిన యాంటీబాడీలను లోపలికి పంపిస్తారు. ఈ రెండు రసాయనాలలో ఏది వాడారన్నది చిన్న విషయంలా అనిపిస్తుంది, కానీ బొమ్మ మారిపోయేది అక్కడే. ఫార్మాల్డిహైడ్ ప్రోటీన్లను ఒకదానితో ఒకటి కుట్టేస్తుంది. ఆకారం బాగా నిలుస్తుంది, కానీ యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోటే ఆ కుట్టు కింద పడిపోవచ్చు. మెథనాల్ ప్రోటీన్లను గడ్డకట్టించి, త్వచంలోని కొవ్వును కడిగేస్తుంది. సూక్ష్మనాళికల వంటి పోగులు శుభ్రంగా కనిపిస్తాయి, త్వచాన్ని అంటిపెట్టుకున్న ప్రోటీన్లు మాత్రం కొట్టుకుపోవచ్చు. కొత్త యాంటీబాడీ చేతికి వస్తే రెండింటితోనూ ప్రయత్నించాలి. రెండు బొమ్మలూ పొంతన లేకుండా వస్తే దేన్నీ ఇంకా నమ్మకూడదు.

బిగదీసిన కణం ఒక్క క్షణాన్నే చూపిస్తుంది. అయినా ఆ క్షణాలను వరుసగా పేర్చితే కదలికను పట్టుకోవచ్చని 1970లో ఫ్రై, ఎడిడిన్ చూపించారు. మనిషి కణాన్నీ ఎలుక కణాన్నీ కలిపి ఒకే కణం చేసి, రెండింటి ఉపరితల ప్రోటీన్లకు వేర్వేరు రంగుల యాంటీబాడీలు తగిలించారు. మొదట చెరో సగంలో ఉన్న రంగులు 37 డిగ్రీల దగ్గర 40 నిమిషాల్లో కలిసిపోయాయి. చలిలో ఆ కలయిక ఆగిపోయింది. కణత్వచం గట్టి గోడలా ఉండదని, అందులో ప్రోటీన్లు తిరుగుతుంటాయని చెప్పడానికి అంతకన్నా ఖరీదైన పరికరం అక్కర్లేకపోయింది. పరికరం పాతదైనా ప్రశ్న పదునుగా ఉంటే చాలనడానికి నేను తరచుగా చూపించే ఉదాహరణ ఇది.

రెండో దారి జీఎఫ్‌పీ అనే మెరిసే ప్రోటీన్. 1962లో షిమోమురా ఒక జెల్లీఫిష్ నుంచి వేరుచేసిన ఈ ఆకుపచ్చ ప్రోటీన్‌ను 1994లో చాల్ఫీ ఇతర జీవులలో మెరిపించి చూపించాడు. రోజర్ చెన్ దాన్ని మెరుగుపరచి ఇతర రంగులకు దారి వేశాడు. ముగ్గురికీ 2008లో నోబెల్ వచ్చింది. దాని జన్యువును మీ ప్రోటీన్ జన్యువుకు అతికిస్తే కణం తానే మెరిసే ప్రోటీన్‌ను తయారుచేసుకుంటుంది. కణం బతికే ఉంటుంది, గంటల తరబడి చూస్తూ కూర్చోవచ్చు.

చెల్లించాల్సిన మూల్యం మాత్రం ఉంది. జీఎఫ్‌పీలో 238 అమైనో ఆమ్లాలున్నాయి, బరువు 27 కిలోడాల్టన్లు. మీ ప్రోటీన్ 15 కిలోడాల్టన్లదైతే తోక కుక్కకన్నా పెద్దదైనట్టే. ఏ కొసకు అతికించారన్నది ఇంకా ముఖ్యం. మైటోకాండ్రియాకు వెళ్లాల్సిన ప్రోటీన్లలో చాలావాటికి చిరునామా ముందు కొసలో రాసి ఉంటుంది. అక్కడ జీఎఫ్‌పీ అతికిస్తే చిరునామా కప్పుకుపోయి, ప్రోటీన్ కణద్రవ్యంలోనే తిరుగుతుంది. అంతర్జీవద్రవ్య జాలంలో ఉండిపోయే కరిగే ప్రోటీన్లలో చాలావాటికి చివరి కొసలో నాలుగు అమైనో ఆమ్లాల గుర్తు ఉంటుంది. అక్కడ అతికిస్తే అవి జాలంలో నిలవక బయటికి జారిపోతాయి. అందుకే రెండు కొసలకూ విడివిడిగా అతికించి రెండూ ఒకే చోట కనిపిస్తున్నాయో లేదో చూడటం కనీస జాగ్రత్త. ఇంకో మాట. జీఎఫ్‌పీ మెరవాలంటే దానికి ఆక్సిజన్ కావాలి, పరిపక్వానికి కొంత సమయం కూడా కావాలి. ఆక్సిజన్ లేకుండా పెరిగే బ్యాక్టీరియాలో అది పనికిరాదు. పుట్టిన నిమిషాల్లోనే విరిగిపోయే ప్రోటీన్‌ను కూడా అది సరిగ్గా చూపించలేదు.

నా ఎంపిక ఇలా ఉంటుంది: ప్రోటీన్ కదులుతోందా, ఎప్పుడు కదిలింది అన్నది ప్రశ్న అయితే జీఎఫ్‌పీ. తోక లేని అసలు ప్రోటీన్ ఎక్కడుందన్నది ప్రశ్న అయితే యాంటీబాడీ. ముందు ఒకదానితో చూసి, రెండోదానితో సరిచూసుకుంటే మరీ మంచిది.

రెండు దారులకూ ఉమ్మడి హద్దు ఒకటుంది. 1873లో అబ్బే చెప్పినట్టు కాంతితో చూసే మామూలు మైక్రోస్కోపు సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీయలేదు. రైబోజోము అడ్డంగా 30 నానోమీటర్లు కూడా ఉండదు. అంటే ఆకుపచ్చ, ఎరుపు కలిసి పసుపుగా కనిపించిన చోట రెండు ప్రోటీన్ల మధ్య రైబోజోములు వరుసగా పట్టేంత దూరం ఉండవచ్చు. పసుపు రంగు చూపించి 'ఇవి కలిసి పనిచేస్తున్నాయి' అని రాసే వ్యాసాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఈ హద్దును దాటే పద్ధతులు వచ్చాయి, వాటికి 2014లో నోబెల్ కూడా వచ్చింది. కానీ చాలా ప్రశ్నలకు అంత అవసరం ఉండదు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఇంకా లోతుకు వెళ్తుంది, కణాన్ని ఇంకా ఎక్కువ హింసించాకే. బ్యాక్టీరియాలో మీసోజోములు అనే త్వచపు మడతలు ఉన్నాయని ఏళ్ల తరబడి పాఠ్యపుస్తకాల్లో రాశారు, వాటికి పనులు కూడా అంటగట్టారు. కణాన్ని రసాయనాలతో కాకుండా ఒక్కసారిగా గడ్డకట్టించి చూసినప్పుడు అవి కనిపించలేదు. నమూనాను తయారుచేసే తీరే వాటిని పుట్టించింది. పద్ధతి పుట్టించినదాన్ని కణానికి అంటగట్టామా అన్న అనుమానం వచ్చినప్పుడల్లా, అదే ప్రశ్నను పూర్తిగా వేరే రకంగా నమూనా తయారుచేసే పద్ధతితో అడగాలి. అదే రకం ప్రయోగాన్ని పదిసార్లు చేసినా అదే మడత పదిసార్లు కనిపిస్తుంది.

ఎవరితో చేతులు కలుపుతుంది

దీని గురించి తక్కువ చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మంచి ఎంపికలు తక్కువ. రెండు ప్రోటీన్లు కలిస్తేనే ఈస్ట్ కణంలో ఒక జన్యువు పనిచేసేలా అమర్చే ఈస్ట్ టూ-హైబ్రిడ్ 1989లో వచ్చింది. తెలియని జోడీలను వెతకడానికి బాగుంటుంది, కానీ ఆ కలయిక ఈస్ట్ కణం కేంద్రకంలో జరగాలి. త్వచంలో ఉండే ప్రోటీన్‌కు అది పరాయి ఊరు. యాంటీబాడీతో ఒకదాన్ని లాగి, దానితో పాటు ఏమి వచ్చిందో చూసే ఇమ్యునోప్రెసిపిటేషన్ ఎక్కువమంది వాడేది. కణాన్ని కరిగించాక, లోపల ఎన్నడూ కలవనివి గొట్టంలో కలవవచ్చని అక్కడ గుర్తుంచుకోవాలి. లాగిన యాంటీబాడీ ముక్కలు కూడా జెల్‌లో 50, 25 కిలోడాల్టన్ల దగ్గర గీతలై వస్తాయి. మీ ప్రోటీన్ సరిగ్గా 50 దగ్గరుంటే అది వాటి వెనక దాక్కుంటుంది. అప్పుడు లాగడానికి ఒక జంతువు యాంటీబాడీ, వెతకడానికి ఇంకో జంతువు యాంటీబాడీ వాడాలి. బతికున్న కణంలో నిజంగా పక్కపక్కనే ఉన్నాయా అని అడగాలంటే ఫ్రెట్ ఉంది, ఒక ప్రోటీన్‌కు కట్టిన మెరిసే రంగు నుంచి శక్తి రెండోదాని రంగుకు చేరుతోందో లేదో అందులో చూస్తారు. పది నానోమీటర్ల లోపు ఉంటేనే అది పలుకుతుంది. సిగ్నల్ రాకపోతే మాత్రం అవి కలవలేదని చెప్పలేం, రంగులు వేర్వేరు దిక్కులకు తిరిగి ఉండవచ్చు.

ఆకారం కావాలంటే

1958లో కెండ్రూ బృందం మయోగ్లోబిన్ ఆకారాన్ని ఎక్స్-కిరణాలతో తొలిసారి చూపించింది. 1971లో ప్రోటీన్ డేటా బ్యాంకు మొదలైనప్పుడు అందులో ఉన్నవి ఏడు ఆకారాలు. ఇప్పుడు రెండు లక్షలు దాటాయి. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకోవాలన్న ఆలోచనకన్నా ముందు అక్కడ వెతకాలి. అవసరమైన ఆకారం అక్కడే ఉండవచ్చు.

లేకపోతే ప్రోటీన్ స్వభావాన్ని బట్టి నిర్ణయం దాదాపు దానంతటదే తేలుతుంది. స్ఫటికం కట్టే ప్రోటీన్ అయితే ఎక్స్-కిరణాలు. చిన్నదై, ద్రావణంలో దాని ఊగిసలాట కూడా తెలియాలంటే, అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల సంకేతాలను చదివే ఎన్ఎమ్ఆర్. పెద్ద సముదాయమైతే, త్వచంలో ఇమిడినదైతే, స్ఫటికం కట్టనని మొండికేస్తే, నమూనాను ఒక్కసారిగా గడ్డకట్టించి చూసే క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ. దీనికి 2017లో నోబెల్ వచ్చింది.

ఈ ప్రయోగాలన్నిటికన్నా ముందు ఇప్పుడు అందరూ తెరిచేది ఆల్ఫాఫోల్డ్, అమైనో ఆమ్లాల వరుసను బట్టి ఆకారాన్ని అంచనా వేసే కంప్యూటర్ ప్రోగ్రామ్. 2022 నుంచి దాని అంచనాలు 20 కోట్లకు పైగా ప్రోటీన్లకు ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. దీన్ని వాడొద్దని చెప్పను, డేటా బ్యాంకులో దొరకకపోతే మొదట చూడాల్సింది అదే. కానీ రంగులు చదవడం నేర్చుకోండి. ప్రతి అమైనో ఆమ్లానికీ వందకు ఒక నమ్మకపు అంకె ఉంటుంది. 90 దాటిన భాగాలపై ధైర్యంగా ఆధారపడవచ్చు. 50 కన్నా తక్కువున్న చోట తెర మీద కనిపించే పొడవాటి నూలుపోగు ఆ ప్రోటీన్ అసలు ఆకారం కాదు. ఆ భాగానికి నిలకడైన మడతే లేదనడానికి అది సూచన కావచ్చు. ఒక్క అమైనో ఆమ్లం మారితే ప్రోటీన్ కుప్పకూలుతుందా అని అడిగితే కూడా అది తరచుగా పాత బొమ్మనే చూపిస్తుంది. ఉత్పరివర్తన ప్రభావం మీద ప్రశ్న ఉన్నవారు ప్రోటీన్‌ను తయారుచేసి వేడి చేసి, ఎక్కడ విచ్చుకుంటుందో చూడటమే దారి.

డేటా బ్యాంకు నుంచి తీసుకున్న ఆకారాన్ని కూడా పరీక్షించుకోవాలి. 1963లో జి.ఎన్. రామచంద్రన్ బృందం గీసిన పటం ఇప్పటికీ అందుకు వాడే మొదటి పరీక్ష. ప్రోటీన్ వెన్నెముకలోని కోణాలు అణువులు ఢీకొనకుండా ఏ హద్దుల్లో ఉండగలవో అది చెబుతుంది. ఎక్కువ అమైనో ఆమ్లాలు ఆ హద్దులు దాటి కనిపిస్తే ఆ నమూనా మీద మందును రూపొందించే పని పెట్టుకోకండి.

ఏమి పనిచేస్తుందో తెలియాలంటే

పై పద్ధతులన్నీ చూసేవి. చూసినంత మాత్రాన కారణం తెలియదు. కణం విభజించినప్పుడల్లా ఒక ప్రోటీన్ పెరిగితే అది విభజనకు కారణమా, ఫలితమా? తేల్చాలంటే దాన్ని తీసేసి చూడాలి.

క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో జన్యువునే చెడగొట్టవచ్చు. ప్రోటీన్ పూర్తిగా పోతుంది, ఫలితం స్పష్టంగా ఉంటుంది. కానీ ఆ కణాలను పెంచడానికి వారాలు పడుతుంది, ఆలోగా కణం సర్దుకుంటుంది, దగ్గరి బంధువైన జన్యువు ఆ పనిని భుజాన వేసుకోవచ్చు. ప్రాణానికి అవసరమైన ప్రోటీన్ అయితే కణాలే మిగలవు. చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలతో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను నాశనం చేయించే ఆర్‌ఎన్‌ఏ జోక్యం రెండు మూడు రోజుల్లో ఫలితం ఇస్తుంది, పూర్తిగా తీసేయదు, అప్పటికే తయారైన ప్రోటీన్‌ను ముట్టుకోదు. పైగా గురి తప్పి వేరే ఆర్‌ఎన్‌ఏలను కూడా కొడుతుంది. అందుకే వేర్వేరు వరుసలున్న రెండు ముక్కలు ఒకే ఫలితం ఇవ్వాలని అడుగుతారు. మందుతో అడ్డుకోవడం నిమిషాల్లో జరుగుతుంది, కానీ ఒక్క ప్రోటీన్‌నే అడ్డుకునే మందు అరుదు.

వేగం ముఖ్యమైతే మందు. ప్రోటీన్ అవసరమా కాదా అన్నదే ప్రశ్న అయితే క్రిస్పర్. ముందుగా చాలా జన్యువులను జల్లెడ పట్టాలంటే పై రెండు జన్యు పద్ధతుల్లో ఏదైనా సరే. ఏది ఎంచుకున్నా తీసేసిన ప్రోటీన్‌ను తిరిగి ఇచ్చి చూడండి. లోపం సరిదిద్దుకుంటే మీ వాదన నిలుస్తుంది. ఎంజైమ్ అయితే, పనిచేసే చోట ఒక్క అమైనో ఆమ్లం మార్చిన రూపాన్ని కూడా ఇవ్వండి. మామూలు రూపం లోపాన్ని సరిచేసి, ఈ మార్చిన రూపం సరిచేయకపోతే, ఆ ఎంజైమ్ చర్యే కారణమని గట్టిగా చెప్పవచ్చు. ప్రోటీన్‌ను పూర్తిగా తీసేసిన ఆ కణాలు ఇంకో పనికి కూడా వస్తాయి: మీ యాంటీబాడీని వాటి మీద వేస్తే గీత మాయమవ్వాలి. మాయం కాకపోతే ఆ యాంటీబాడీతో అంతవరకు చేసినవన్నీ మళ్లీ చూసుకోవాలి.

రెండు పద్ధతులు రెండు మాటలు చెబితే

ఇది తరచుగా జరుగుతుంది, కంగారు పడాల్సిందేమీ లేదు. ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ మామూలు సమయంలో కణద్రవ్యంలో మరో ప్రోటీన్ పట్టులో ఉంటుంది. వాపును రేపే సంకేతం వస్తే ఆ పట్టు విరిగి, అరగంటలోపే అది కేంద్రకంలోకి వెళ్తుంది. ఒకరు వెస్టర్న్ చేసి ప్రోటీన్ మారలేదంటారు, ఇంకొకరు మైక్రోస్కోపులో చూసి పూర్తిగా మారిపోయిందంటారు. ఇద్దరి మాటా నిజమే, ఒకరు మొత్తాన్ని కొలిచారు, ఇంకొకరు చోటును చూశారు. తేల్చాలంటే కేంద్రకాలను కణద్రవ్యం నుంచి వేరుచేసి, రెండింటికీ విడివిడిగా వెస్టర్న్ చేయాలి. అదే పొర మీద కేంద్రకానికి గుర్తుగా లామిన్‌ను, కణద్రవ్యానికి గుర్తుగా ట్యూబులిన్‌ను కూడా వెతకాలి. కేంద్రకపు గడిలో ట్యూబులిన్ గీత గట్టిగా కనిపిస్తే వేరుచేయడం సరిగా జరగలేదు. ఆ పొరను పక్కనపెట్టి, కణాల నుంచి మళ్లీ మొదలుపెట్టండి.